వదిలి వెళ్ళే పెరడు

దసరా వెళ్ళిందంటే చాలా ఇళ్ళల్లో ఆడవాళ్ళకి కాస్త ఊపిరి సలుపుతుంది. బొమ్మల కొలువు పెట్టెలోకి, చుట్టాలు రైల్లోకి ఎక్కేస్తారు. జంతికల డబ్బా అడుగు కనబడుతుంది. నాకు మాత్రం సరిగ్గా అప్పుడే పని మొదలవుతుంది. కొంగు బిగించి, పాత కత్తెరా బొరిగే పట్టుకుని పెరట్లోకి దిగానంటే, మా వారు పేపరు చాటునుంచి, "ఇంకేం, మట్టి పూనింది. ఇవాళ కాఫీ మనమే కలుపుకోవాలి" అని గోడకేసి చూసి అంటారు. గోడ ఏమీ అనదు. నేనూ అనను.

మా విశాఖపట్నంలో శరదృతువు పుస్తకాల్లో చెప్పినంత బుద్ధిగా రాదు. ఆశ్వయుజంలో ఆకాశం కడిగిన పళ్ళెంలా ఉంటుంది, నిజమే. నైరుతి వానలు వెనక్కి మళ్ళుతున్నాయని రేడియోలో చెబుతూనే ఉంటారు. కాని బంగాళాఖాతం మనసులో ఏముందో ఎవరికెరుక? అక్టోబరు, నవంబరు తుపానుల నెలలు. అంచేత ఇక్కడ ఈ కాలంలో తోటపని అంటే సగం నాటడం, సగం కట్టడం. విత్తనాల పొట్లాలు ఎంత అవసరమో, వెదురు కర్రలూ కొబ్బరి తాడూ అంత అవసరం.

మొదట మునగ సంగతి చూడాలి. మునగ పేరుకే చెట్టు. గాలి గట్టిగా వీస్తే పెళపెళ విరిగి పక్కవాళ్ళ బట్టల తీగ మీద పడుతుంది, ఆ తరవాత మాటలూ పడతాయి. అందుకని ముందే పై కొమ్మలు కొట్టించేయాలి. గెల వేసిన అరటికి వెదురు ఊతం పెట్టాలి. తరవాత గులాబీలు. వానలకి పెరిగి పెరిగి పిచ్చికొమ్మలు వేసి ఉంటాయి. ఎండినవీ, ఒకదానిమీద ఒకటి ఒరుసుకునేవీ, పెన్సిలంత లావైనా లేనివీ తీసేయాలి. మిగిలినవాటిని బయటివైపు చూస్తున్న కన్నుకి కాస్త పైన, ఏటవాలుగా కోసి, కోసినచోట పేడ అద్దాలి. మొదలు చుట్టూ మట్టి గుల్లచేసి, నాలుగు రోజులు ఆరనిచ్చి, మాగిన గత్తం వేసి కప్పాలి. నలభై, నలభై అయిదు రోజులకి పూలు చూసుకోవచ్చు. మొదటిసారి చేసేవాళ్ళకి చెయ్యి రాదు. పచ్చటి కొమ్మని ఎలా కొయ్యడమా అని ప్రాణం గిలగిల్లాడుతుంది. నాకు మూడేళ్ళు పట్టింది ధైర్యం రావడానికి.

చామంతులది ఇంకో ముచ్చట. ఆషాఢంలో పిలకలు విడదీసి నాటి, భాద్రపదందాకా తలలు తుంచి గుబురు కట్టించినవాటికి ఇప్పుడు మొగ్గలు లేస్తాయి. పెద్ద పువ్వు కావాలంటే కొమ్మకి ఒక్క మొగ్గే ఉంచి తక్కినవి గిల్లేయాలి. జడకీ, గుమ్మానికీ చాలినన్ని కావాలంటే వాటి మానాన వదిలేయాలి. నేను రెండో రకం మనిషిని. ఒకసారి గేటు పక్క నాటిన చామంతులు ఎంతకీ మొగ్గ తొడగలేదు, లోపలివి మాత్రం విరగబూశాయి. ఎరువు మార్చాను, దిష్టి తీశాను కూడా. ఆఖరికి తెలిసిందేమిటంటే, చామంతి రాత్రి పొడుగు చూసుకుని పూస్తుందిట. రాత్రి పెరిగితేనే మొగ్గ వేస్తుంది. గేటు పక్కన వీధి దీపం తెల్లవార్లూ వెలుగుతుంటే దానికి రాత్రే కాలేదు పాపం!

ఇక చిక్కుడు పాదు పందిరి సరిచేయడం, ధనియాలు సీసాతో నలిపి బద్దలు చేసి కొత్తిమీర చల్లుకోవడం, మెంతికూర, పాలకూర, వంగనారు, సంక్రాంతి గొబ్బెమ్మలకి బంతినారు... కార్తీక మాసం వచ్చేసరికి చేతివేళ్ళ సందుల్లో మట్టి పోదు. నాగులచవితి నాడు పుట్టలో పాలు పోసేటప్పుడు మా అత్తగారు నా గోళ్ళకేసి చూసి నిట్టూర్చేవారు.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, 2017లో దసరా వెళ్ళాక నేను కత్తెర పట్టుకుని పెరట్లోకి దిగి, గులాబీ ముందు నించుండిపోయాను. కొయ్యలేదు. కొయ్యడానికి ప్రాణం ఒప్పక కాదు. ఎవరికోసం కొయ్యాలి అని.

మాది కంపెనీ క్వార్టరు. ఉక్కునగరంలో ఆ ఇంట్లో ఇరవయ్యారేళ్ళు ఉన్నాం. ఆ డిసెంబరు నెలాఖరుకి మా వారి రిటైర్మెంటు. కూర్మన్నపాలెంలో మూడో అంతస్తులో ఫ్లాటు కొనుక్కున్నాం. మార్గశిరంలో పాలు పొంగించి, ఆయన ఉద్యోగం దిగగానే సామాను చేరేసి, పండక్కి అక్కడుండాలని ఏర్పాటు. అంటే లెక్క చూసుకోండి. ఇప్పుడు నారు పోసిన బంతి సంక్రాంతికి పూస్తుంది, మేం ఉండం. చిక్కుడు విరగకాసే పుష్యమాసంలో మేం ఉండం. మార్గశిరం దాటాక మల్లెకి నీళ్ళు తగ్గించి, ఆకు దూసి, కొమ్మ కత్తిరిస్తే ఎండాకాలం బుట్టలకొద్దీ పూస్తుంది. ఆ పూలు ఎవరి జడలో ఉంటాయో నాకు తెలియదు.

"ఏమోయ్, అద్దెవాళ్ళు గోడకి సున్నం వేయించినట్టుంది నీ వ్యవహారం. అట్టపెట్టెలు తెచ్చాను, గిన్నెలు సర్దరాదూ?" అన్నారు మా వారు. ఆ మాట నాకు గుచ్చుకుంది, అందులో న్యాయం ఉంది కనక.

పక్క క్వార్టరు వదినగారికి గీత కంఠతా వచ్చు. "ఫలం మీద ఆశ పెట్టుకోకుండా పని చెయ్యడమేనండీ, ఇంతకంటే మంచి అవకాశం ఎక్కడ దొరుకుతుంది?" అన్నారు. వినడానికి బాగానే ఉంది. కాని సోదరీమణులారా, మీరే చెప్పండి. ఫలం ఆశించకపోవడం ఒకటి. మనం పెంచిన పాదు ఫలం ముక్కూ మొహం తెలియని మనిషి విస్తట్లో పడుతుందని ముందే తెలిసి నీళ్ళు పోయడం మరొకటి. మొదటిదాంట్లో ఫలం రావచ్చు, రాకపోవచ్చు. రెండోదాంట్లో వస్తుంది, మనకి తప్ప. అర్జునుడికి యుద్ధం చెయ్యమన్నారుగాని, గెలిచాక రాజ్యం ఎవరికో అప్పగించి ఫ్లాటుకి వెళ్ళిపొమ్మనలేదు కదా!

ముసలాయన మామిడి టెంక పాతిన కథ మనందరం చిన్నప్పుడు విన్నదే. ఆ కథ మీద నాకెప్పుడూ చిన్న అనుమానం. మనవలు తింటారని పాతాడాయన. మనవలంటే ఎవరు? మళ్ళీ మనమే. నోరు వేరు, అంతే. ముసలాయన త్యాగం చేశాడని మెచ్చుకుంటాంగాని, తన వంశానికి ఆస్తి కూడబెట్టాడు, ఆ ఆస్తి మామిడిచెట్టు రూపంలో ఉంది. అదే ముసలాయన, రేపు ఈ ఇంట్లోకి ఎవరొస్తారో తెలియని క్వార్టర్లో పాతి ఉంటే అప్పుడు నేను దణ్ణం పెడుదును.

మా లైనులోనే చాలా ఏళ్ళ కిందట ఒకావిడ ఇల్లు ఖాళీ చేస్తూ పచ్చి అరటిగెల కొట్టించుకుని పట్టుకెళ్ళింది. అది తప్పు కాదు. గెల వేసిన అరటి మళ్ళీ వెయ్యదు, పైగా పెంచింది ఆవిడే. కాని గెలతో ఆగలేదు. మొదట్లో ఉన్న పిలకలన్నీ తవ్వించేసింది. ఒక్క పిలక కొత్తింటికి పట్టుకెళితే అదో మురిపెం అనుకోవచ్చు. ఆరు పిలకలు తవ్వించి రోడ్డు పక్కన పడేయించడాన్ని ఏమనాలి? ఆ రోజంతా లైనులో ఆడవాళ్ళందరం ఆవిడ్ని ఆడిపోసుకున్నాం. అందరికంటే గట్టిగా ఆడిపోసుకున్నది నేను.

ఎందుకంత గట్టిగా అంటే, నా కథ నాకు తెలుసు కనక. 1991లో మేం ముందున్న చిన్న క్వార్టరు నుంచి దీంట్లోకి మారాం. అక్కడ నాకో పన్నీరు గులాబీ ఉండేది. మే నెల. రోహిణి కార్తె ఎండలు. అలాంటప్పుడు వేళ్ళు పెళ్ళగిస్తే గులాబీ బతకదని నాకు బాగా తెలుసు. కొమ్మ అంటు కట్టుకుని వానల్లో తెచ్చుకోవచ్చనీ తెలుసు. అయినా పెళ్ళగించి గోనెసంచిలో చుట్టి తెచ్చాను. వారం తిరక్కుండా ఎండిపోయింది. "వదిలి రాలేకపోయానండీ, అంత ప్రేమ" అని అందరితోనూ చెప్పుకున్నాను, ఒకరిద్దరు కళ్ళు కూడా తుడుచుకున్నారు. అసలు సంగతి అది కాదు. ఆ ఇంట్లోకి వచ్చే ఆవిడ వారం ముందే ఇల్లు చూడ్డానికి వచ్చి, "అబ్బ, ఈ గులాబీ బాగుందే" అంది. ఆ మాటకి నాకు ఒళ్ళు మండింది. బతికి ఆవిడ దగ్గరుండడం కంటే నా దగ్గర చచ్చినా మంచిదే అనుకున్నానేమో! ఈ సంగతి ఇంతకాలం మా వారికి కూడా చెప్పలేదు. ఇప్పుడు అచ్చులో చదువుకుంటారు.

ఆ 2017 దసరాల్లో గులాబీ ముందు నించుని కత్తెర ఆడనిది ఈ పాత ఒళ్ళుమంటే అని తెలుసుకోవడానికి నాకు నాలుగు రోజులు పట్టింది. ఫలం, గీత, న్యాయం అన్నీ పైపై మాటలు.

ఈ లోపల మా అమ్మాయి అమెరికా నుంచి ఫోను చేసింది. వాళ్ళది అద్దె ఇల్లు. "అమ్మా, ఇవాళ తులిప్ గడ్డలు పాతాం" అంది. అక్కడ మనలా కాదుట. శరత్తంటే ఆకులు రాలిపోయి తోట మూసుకునే కాలం. కాని ఆ మూసుకునే ముందే ఈ గడ్డల్ని భూమిలో పాతేస్తారు. చలి తగిలితే తప్ప అవి సరిగ్గా పూయవు, నెలల తరబడి మంచు కింద ఉండి వసంతంలో లేస్తాయి. "వసంతానికి ఆ ఇంట్లో ఉంటారా?" అన్నాను. "ఏమో అమ్మా, లీజు మార్చితో అయిపోతుంది" అని నవ్వింది. డబ్బు దండగ కాదుటే అని నోటిదాకా వచ్చి మింగేశాను. ఇదే మాట మా వారు నాతో అని రెండు రోజులు కాలేదు.

ఇక్కడ మరో సంగతి చెప్పాలి. మన ఊళ్ళో 'హక్కు' అనే మాట పసిపిల్లలకి కూడా తెలుసు. 1966లో 'విశాఖ ఉక్కు, ఆంధ్రుల హక్కు' అని ఊరూ వాడా వీధిన పడ్డప్పుడు 32 మంది ప్రాణాలు పోయాయి. 1971 జనవరి 20న ఇందిరాగాంధీ శంకుస్థాపన చేశారు. 1992 ఆగస్టు 1న పి.వి. నరసింహారావు కర్మాగారాన్ని జాతికి అంకితం చేశారు. ఈ తారీఖులు మా పిల్లలు వ్యాసరచన పోటీల కోసం బట్టీ పట్టేవారు. కాని ఆ మధ్యలో 64 ఊళ్ళవాళ్ళు పొలమూ, ఇల్లూ, దొడ్డీ వదిలి లేచిపోయారన్నది వ్యాసంలో ఒక వాక్యంగా ఉండేది. నాకూ అంతే. ఒక వాక్యం. ఒక కార్తీక మాసం వరకూ.

మేం ఆ క్వార్టర్లోకి వచ్చిన కొత్త. లైను చివర ఒక పెద్ద చింతచెట్టు ఉండేది. చింతకాయలు ముదిరీ ముదరకుండా ఉన్న రోజులు. పచ్చడికి సరిగ్గా అదను. లైనులో ఆడవాళ్ళం ఆ చెట్టుని పంచేసుకున్నాం. ఏ కొమ్మ ఎవరిదో కూడా మాకు లెక్కుండేది. ఒక మధ్యాహ్నం చూద్దునుగదా, ఒక ముసలమ్మ వాసపు కర్రతో కాయలు దులిపి గంపలోకి ఏరుకుంటోంది. నేను గబగబా వెళ్ళాను.

"ఎవరమ్మా నువ్వు? ఎవర్నడిగి కోస్తున్నావు?" అన్నాను.

ఆవిడ నడుం పట్టుకుని మెల్లిగా లేచింది. కోపం లేదు. "ఎవుర్ని అడగాల తల్లీ? ఈ సెట్టు మా అత్త పాతింది. ఆవిడుంటే ఆవిడ్నే అడుగుదును. ఆవిడా లేదు, ఊరూ లేదు, సెట్టే ఉండిపోనాది" అంది.

నాకు నోట మాట రాలేదు. ఆవిడే మళ్ళీ, "ఏటలా సూస్తావు? కొంగు పట్టు. పచ్చడికి బాగుంటాయి, పులుపెక్కువ" అని రెండు దోసిళ్ళ కాయలు నా కొంగులో పోసింది. మా అత్తగారి పొయ్యి ఇదిగో ఇక్కడుండేది, పెళ్ళయిన కొత్తలో మొదట అన్నం మాడ్చింది ఇక్కడే అని కర్రతో నేలమీద గీసి చూపించింది. ఆ గీత మా సందులో స్కూటర్లు పెట్టుకునే చోటు. ఆ తరవాత రెండేళ్ళు కార్తీకంలో కనబడింది. మరి రాలేదు.

ఆ ఏడాది చింతకాయ పచ్చడి మా వారికి మహా రుచిగా ఉంది. నాకు మాత్రం ముద్ద దిగేది కాదు. కొన్నాళ్ళకి దిగింది లెండి. మనిషి నాలుక అలాంటిది.

నేను నాటిన మొక్క ఎవరో అనుభవిస్తారని ఏడుస్తున్నానుగాని, ఎవరో నాటినది ఇరవయ్యారేళ్ళు నేను అనుభవించానన్న లెక్క పుస్తకంలో ఎక్కడా రాసుకోలేదు. సంసారం నడిపే ఆడదాన్ని, పాలవాడి లెక్క, చాకలి పద్దు కణతల మీద ఉంటాయి నాకు. ఈ ఒక్క పద్దు మాత్రం ఎలా జారిపోయిందో! పైగా నన్నెవరూ తరిమెయ్యడం లేదు. ఆయన జీతం తీసుకుని, నా ఇష్టపడి, నాలుగు మైళ్ళ దూరంలో ఫ్లాటుకి వెళుతున్నాను. ఆ ముసలమ్మ వదిలినదానికీ నేను వదిలేదానికీ పోలికే లేదు. అయినా రెండు దోసిళ్ళు పోసింది ఆవిడ. గులాబీ పెళ్ళగించింది నేను.

తుపాను మాట కూడా ఎత్తాలి, ఎత్తకపోతే విశాఖవాళ్ళు ఊరుకోరు. 2014 అక్టోబరు 12, ఆదివారం. హుద్‌హుద్. ఏదో పక్షి పేరుట. గంటకి నూట ఎనభై కిలోమీటర్ల గాలి మా ఊరి మీదుగా నడిచింది. వారం ముందే నేను శరత్తు పనులన్నీ ముగించుకుని చేతులు దులుపుకుని ఉన్నాను. సాయంత్రం తలుపు తీసేసరికి పెరడు లేదు. పందిరి ఎవరి కప్పు మీదుందో తెలియలేదు. మర్నాడు కొండల మీద పచ్చదనమే లేదు. చెట్లకి మిగిలిన ఆకులు కూడా నిప్పులో కాల్చినట్టు గోధుమరంగులోకి తిరిగాయి. పదకొండో రోజున దీపావళి వస్తే, దీపాలు పెట్టడానికి గుమ్మాలున్నందుకు సంతోషించాం.

అప్పుడో వింత చూశాను. నిర్దయగా కొమ్మలు కొట్టించిన మునగ నిలబడింది. మొదలంటా కత్తిరించిన గులాబీలు అలాగే ఉన్నాయి, గాలికి పట్టుకోవడానికి వాటి దగ్గర ఏమీ లేదు మరి. కొమ్మ కొట్టడానికి జాలిపడి వదిలేసిన వేపచెట్టు వేళ్ళతో సహా పడిపోయింది. ఆ వేప నేను నాటింది కాదు. మాకంటే ముందున్నవాళ్ళెవరో నాటారు. వాళ్ళ పేరు కూడా అడగలేదు నేనెప్పుడూ. ఇరవై మూడు వేసవులు దాని నీడలో అప్పడాలు ఎండబెట్టాను. ఎండకే ఎండాలిగా, నీడలో కూర్చుని కాపలా కాశాను అనాలి.

ఆ తరవాతి నెల మా లైనులో ఆడవాళ్ళు ఒకరింటికొకరు వెళితే కుశలప్రశ్నలు వేరుగా ఉండేవి. "మీ దగ్గరేం మిగిలింది?" అని. ఒకరి దగ్గర మందారం, ఒకరి దగ్గర నందివర్ధనం, ఒకరి దగ్గర తులసి. అందరి దగ్గరా అందరివీ పంచుకున్నాం. నా కరివేపాకు చెట్టు పోతే, గీత చదివే వదినగారు వాళ్ళ చెట్టు మొదట్లో లేచిన పిల్ల మొక్కని వేరుతో తీసి ఇచ్చారు. గేటు పక్కన నాటాను. "మీకెక్కడిదండీ?" అంటే, "ఇదివరకు ఈ ఇంట్లో ఉన్నవాళ్ళు వదిలి వెళ్ళిందే" అన్నారావిడ.

సరే, 2017 సంగతికి వస్తాను. ఆ శరత్తులో నేను పని చేశానా మానేశానా అని అడుగుతారు. చేశాను. కాని అంతా చెయ్యలేదు. ఆ ఏడాదే మొదటిసారి గమనించాను, ఈ కాలంలో మనం చేసే పనులు రెండు రకాలు. కొన్ని మన కోసం. కొన్ని మొక్క కోసం. కొత్తిమీర, మెంతికూర, కాలీఫ్లవరు నారు మన కోసం. రోజూ నీళ్ళడుగుతాయి, మనం తినకపోతే వాటికి అర్థం లేదు. ఇల్లు ఖాళీ చేశాక కొత్తవాళ్ళు వచ్చేసరికి నెలో రెండు నెలలో పట్టవచ్చు, తాళం వేసిన గేటు వెనక ఎండిపోయే నారు పొయ్యడం పుణ్యమూ కాదు, పాపమూ కాదు, ఉత్త తెలివితక్కువ. అవి మానేశాను.

గులాబీ కత్తిరించాను. నాలుగు రోజులు ఆలస్యమైందిగాని బాగానే వచ్చింది. కరివేపాకు మొదట్లో గత్తం వేశాను. మల్లెకి అప్పుడే కత్తిరింపు అదను కాదు కనక మొదలు చుట్టూ కలుపు తీసి, ఎండుటాకులు మందంగా పరిచాను, తడి ఆరిపోకుండా. చిక్కుడు పాదు ఎలాగూ ఉంది, పందిరికి కొత్త తాడు కట్టాను. మునగ కొమ్మలు కొట్టించాను. తులసి కోటలో పాత మట్టి తీసి కొత్త మట్టి వేశాను. క్షీరాబ్ది ద్వాదశికి ఉసిరికొమ్మ పెట్టి పూజ చేసుకున్నాను. బంతి మాత్రం... బంతినారు పొయ్యకూడదనే అనుకున్నాను. కిందటేడు దాచిన విత్తనాలు డబ్బాలో కనబడ్డాయి. వాటినేం చెయ్యను? ఓ మూల చల్లేశాను. అది ఎవరి కోసమో నన్నడగకండి.

ఇదంతా చేస్తుంటే మనసు తేలికపడిందా అంటే, పూర్తిగా పడలేదు. చామంతి మొగ్గలు చూస్తుంటే ఉక్రోషం వచ్చేది. ఒకరోజు కత్తెర పట్టుకుని మొగ్గలన్నీ కోసేద్దామా అని కూడా అనిపించింది, నిజం చెబుతున్నాను. గొప్ప బుద్ధి ఒకసారి పుట్టి ఉండిపోయేది కాదు. కలుపు మొక్కలాగ చిన్నబుద్ధే దానంతటది మొలుస్తుంది, దీన్ని మాత్రం రోజూ నీళ్ళుపోసి పెంచాలి. అదృష్టవశాత్తూ చామంతులు మేం వెళ్ళేలోగానే పూశాయి. లైనులో అందరికీ పంచాను.

జనవరిలో సామాను లారీ ఎక్కించాక, పెరట్లో ఒక్కసారి తిరిగి వచ్చాను. గులాబీ ముందు నించుని, కొమ్మ అంటు కూడా తీసుకోలేదు. ఈసారి దాన్ని బతికుండనిద్దామని.

మాఘమాసంలో పాత వీధిలో ఒక పేరంటానికి వెళ్ళవలసి వచ్చింది. తిరిగొచ్చేటప్పుడు కాళ్ళు నన్నడక్కుండా మా పాత గేటు దగ్గరికి తీసుకెళ్ళాయి. లోపల ఎవరో చేరారు. గులాబీల చోట టమాటా మడి కట్టారు. ఒక్క గులాబీ మాత్రం ఓ పక్క మిగిలింది, రెండు పూలతో. చిక్కుడు పందిరి కిందికి మోటారుసైకిలు వచ్చి చేరింది. బంతులు కోసుకోగా మిగిలినవి తలలు వాల్చి ఉన్నాయి. ఎవరి గొబ్బెమ్మల మీదో కూర్చున్నాయన్నమాట. గేటు పక్కన కరివేపాకు మాత్రం నా ఎత్తుకి మించి, నల్లగా నిగనిగలాడుతోంది. చెయ్యి పెట్టి ఒక రెబ్బ నలిపి వాసన చూశాను.

తలుపు చప్పుడైంది. పాతికేళ్ళ పిల్ల, చంకలో బిడ్డతో బయటికి వచ్చింది. నాకు గుండె గతుక్కుమంది. ఇప్పుడు అడుగుతుంది అనుకున్నాను. ఏమడుగుతుందో కూడా నాకు తెలుసు.

"కరివేపాకు కావాలా పిన్నిగారూ? కోసుకోండి, బోలెడుంది" అంది.

అది నేను నాటిందని చెప్పలేదు. రెండు రెబ్బలు చాలమ్మా అన్నాను. ఆ పిల్ల బిడ్డని కిందికి దింపి, పెద్ద కొమ్మే విరిచి నా చేతిలో పెట్టింది.